మార్లవాయిలో కాపురం పెట్టిన ప్రొఫెసర్

(నాచారంలో జరిగిన మన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్ళు ఫోన్ చేసి "మేడం, పిల్లలకు కెరీర్ గురించి ఓ అరగంట చెప్పండి" అన్నారు. నేను వార్డెన్ని. నాకు బాగా తెలిసినవి డైట్ చార్జీల బిల్లులు, గ్యాస్ సిలిండర్లు, రాత్రి హాజరు. అంతకు ముందు టీటీసీ చేశాను, కొన్నాళ్ళు పాఠాలు చెప్పాను. కెరీర్ గైడెన్స్ నా వల్ల కాదు గాని, ఒక మనిషి గురించి చెబుతానన్నాను. సరే అన్నారు.

ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ తార్నాక. స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తర్వాత తార్నాక. అక్కడ దిగి కాసేపు నడిస్తే ఉస్మానియా యూనివర్సిటీ. మీలో చాలామంది కోచింగ్‌కనో, అడ్మిషన్‌కనో వెళ్ళే ఉంటారు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఫొటో దిగని వాళ్ళు మనలో ఉండరు. ఆ యూనివర్సిటీకి 1945లో ఆంత్రొపాలజీ ప్రొఫెసర్‌గా ఒకాయన వచ్చారు. పేరు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్. ఆదిలాబాద్ నుంచి వచ్చినవాళ్ళకు ఈ పేరు చిన్నప్పటి నుంచీ తెలుసు. భద్రాచలం, ములుగు, అచ్చంపేట వైపు నుంచి వచ్చినవాళ్ళలో కొందరు మొదటిసారి వింటున్నారేమో. మీ తాతల గురించి కూడా ఆయన రాశారు, వినండి.

ఆయన పుట్టింది 1909లో, ఆస్ట్రియా దేశపు వియన్నాలో. మాతృభాష జర్మన్. 1931లో అక్కడి యూనివర్సిటీలోనే పీహెచ్‌డీ పూర్తి చేశారు. విచిత్రం ఏమిటంటే, ఆ పీహెచ్‌డీ అస్సాం కొండల గిరిజనుల మీద. అప్పటికి ఆయన ఇండియా చూడలేదు. లైబ్రరీలో కూర్చుని, ఇతరులు రాసిన పుస్తకాలు చదివి రాశారు. అది సరిపోదని ఆయనకే అనిపించిందేమో, లండన్ వెళ్ళి, మలినోవ్‌స్కీ అనే పెద్ద పండితుడి దగ్గర చదువుకున్నారు. 'జనం మధ్య ఉండు, వాళ్ళ భాష నేర్చుకో, ఆ తర్వాతే రాయి' అన్నది మలినోవ్‌స్కీ పద్ధతి. 1936లో నాగా కొండలకు వెళ్ళారు. 1938లో ఎలిజబెత్ బర్నార్డోను పెళ్ళి చేసుకున్నారు. అందరూ బెట్టీ అనేవారు. 1939లో భార్యాభర్తలిద్దరూ హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు.

వచ్చీ రాగానే రెండో ప్రపంచ యుద్ధం. ఆస్ట్రియాను అప్పటికే హిట్లర్ కలిపేసుకున్నాడు కాబట్టి ఆయన చేతిలో ఉన్నది శత్రుదేశపు పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ళ దృష్టిలో శత్రువు. నిజాం రాజ్యం దాటి వెళ్ళకూడదన్నారు. ఇలాంటి కట్టడి ఇంకొకరికి పడితే ఏ బంగళాలోనో కూర్చుని రోజులు లెక్కపెట్టుకునేవాళ్ళు. ఈయన సామాను కట్టించి నల్లమలకు వెళ్ళారు. 1940లో చెంచుల మధ్య ఉన్నారు. తర్వాత గోదావరి ఒడ్డున కొండరెడ్ల దగ్గర. ఆ తర్వాత మా ఆదిలాబాద్. చెంచుల మీద పుస్తకం 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజ్‌గోండుల మీద 1948లో వచ్చాయి. అంటే ఇప్పుడు ఈ హాల్లో కూర్చున్న సగం మంది ముత్తాతలు ఆ మూడు పుస్తకాల్లో ఉన్నారు.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. ఆయన్ను మా ఊళ్ళకు తీసుకొచ్చింది ఆయన మంచితనమే అనుకోవద్దు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను, ఆయన వెంట ఉన్నవాళ్ళను కాల్చి చంపారు. అడవికి గీతలు గీసి 'ఇది రిజర్వు, మీరు బయటికి పొండి' అంటే, మా వాళ్ళు దున్నుకున్న చేలు పోయాయి. అటవీ గార్డుకు మామూలు ఇవ్వాలి, పట్వారీకి ఇవ్వాలి, వెట్టి చెయ్యాలి. అవన్నీ భరించలేకే తిరగబడ్డారు. తిరుగుబాటు అణిచేశాక, 'అసలు వీళ్ళకు అంత కోపం ఎందుకొచ్చింది' అని తెలుసుకోవాల్సిన అవసరం నిజాం సర్కారుకు వచ్చింది. ఆ పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు. కాబట్టి ఈ కథలో ముందు భీమ్ ఉన్నాడు, తర్వాతే ప్రొఫెసర్. ప్రతి సభలోనూ ఈ వరస తలకిందులు చేసి చెబుతుంటారు, నాకు అది నచ్చదు.

సర్కారు పంపిన మనిషి సర్కారుకు నచ్చేట్టు రాయలేదు. అది ఆయన గొప్పతనం. భూమి ఎలా పోయింది, ఎవరు ఎంత గుంజుకున్నారు, ఫారెస్టు వాళ్ళు ఏం చేశారు, ఉన్నదున్నట్టు రాశారు. ఆ నివేదికలు నాలుగు కలిపి 1945లో 'ట్రైబల్ హైదరాబాద్' పేరుతో పుస్తకంగా అచ్చయ్యాయి.

రాయడానికి ఆయన ఎక్కడ కూర్చున్నారో చూడండి. మార్లవాయి. ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, జైనూరు మండలం. గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది కదా, ఆయన ఊరే. ఆ ఊళ్ళో దొరగారూ దొరసాని ఇద్దరూ గుడిసెలో కాపురం పెట్టారు. గోండి నేర్చుకున్నారు. దండారికి వెళ్ళారు, పెళ్ళిళ్ళకు వెళ్ళారు, చావులకు వెళ్ళారు. ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ చెప్పే దేవుళ్ళ కథలు రాసుకున్నారు. బెట్టీ గారిని చాలా వ్యాసాల్లో 'ఆయన భార్య' అని ఒక్క మాటతో దాటేస్తారు. ఆమె వంట చేసి పెట్టడానికి రాలేదమ్మా. ఆయన వెళ్ళిన ప్రతి కొండకూ ఆమె వెళ్ళారు, పనిలో సగం మోశారు.

ఇక నేను అసలు చెప్పదలుచుకున్నది.

1943లో మార్లవాయిలో టీచర్ ట్రైనింగ్ కేంద్రం మొదలైంది. ఎవరికి? గోండు కుర్రాళ్ళకు. బయటినుంచి మేష్టర్లను తెస్తే వారం ఉండి వెళ్ళిపోతారు, పిల్లల భాష రాదు. కాబట్టి కాస్తో కూస్తో అక్షరం ముక్క వచ్చిన మన కుర్రాళ్ళను వెతికి పట్టుకుని, వాళ్ళకే శిక్షణ ఇచ్చి, వాళ్ళ వాళ్ళ ఊళ్ళకే పంపారు. పుస్తకాలు గోండిలో తయారుచేశారు. అప్పుడు అక్కడ మరాఠీ వ్యవహారం ఎక్కువ కాబట్టి నాగరి లిపిలో అచ్చు వేశారు. మొదట గోండి, ఆ తర్వాత మిగతా భాషలు. ఆ కేంద్రంలో టీచర్లే కాదు, పట్వారీ పనికి, ఫారెస్టు గార్డు పనికి కూడా మన వాళ్ళను తయారుచేశారు. అర్థమైందా? మనల్ని ఏడిపించిన కుర్చీలేవో చూసి, ఆ కుర్చీల్లో మనవాళ్ళను కూర్చోబెట్టే ఏర్పాటు.

నేను టీటీసీ చదివినప్పుడు మాంటిస్సోరి, ఫ్రోబెల్, గిజూభాయి, అందరి పేర్లూ బట్టీ పట్టాం. మాంటిస్సోరి ఏ దేశమో అడిగితే నిద్రలో కూడా ఇటలీ అనేదాన్ని. మా ఊరికి కొద్ది దూరంలోనే, మా తాతల కాలంలో, మా భాషలో టీచర్ ట్రైనింగ్ జరిగిందని ఒక్క పాఠంలోనూ లేదు. ఉద్యోగంలో చేరాక, ఎవరో తెచ్చిన ఒక జిరాక్సు కట్ట చదివి తెలుసుకున్నాను. ఆ రోజు నాకు కోపం కూడా వచ్చింది.

ఎందుకంటే నా ఒకటో తరగతి నాకు గుర్తుంది. సారు తెలుగులో "పలక తియ్యండి" అన్నాడు. పక్కవాళ్ళు తీస్తే నేనూ తీశాను. "పేరు చెప్పు" అన్నాడు. ఏమడిగాడో తెలియక నవ్వాను. మొండి పిల్ల అన్నాడు. ఆ ఏడాదంతా వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. నాకు చదువు రాక కాదు, ఆయన మాట రాక. మన రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు వేసి సర్కారు బడుల్లో మాతృభాషలో మొదలుపెట్టింది 2004లో. మార్లవాయి నుంచి లెక్కపెడితే అరవై ఒక్క ఏళ్ళు. ఈ మధ్యలో వెనక గోడకు ఆనుకుని కూర్చున్న పిల్లలను ఎవరు లెక్కపెట్టారు?

తమాషా చూడండి. అదే నిజాం రాజ్యంలో, ఇక్కడ ఉస్మానియాలో, 1918 నుంచి పెద్ద చదువులన్నీ ఉర్దూలో చెప్పారు. దేశభాషలో యూనివర్సిటీ నడపొచ్చని దేశానికి చూపించారు. కాని ఊళ్ళో బడికి వెళ్ళే పిల్లకు ఉర్దూ ఎంత పరాయిదో, ఇంగ్లీషూ అంతే పరాయిది. ఆ పిల్ల నోట్లో ఉన్న భాషతో మొదలుపెట్టమని చెప్పింది జర్మన్ మాట్లాడే ఒక మనిషి.

భూమి సంగతి కూడా చెప్పాలి, అక్షరానికీ భూమికీ సంబంధం ఉంది కాబట్టి. ఆ రోజుల్లో ఆయన నివేదికల ఆధారంగా వేల కుటుంబాలకు పట్టాలు ఇచ్చారు. 1945 నుంచి ఆయన ఇక్కడ ప్రొఫెసరే కాదు, గిరిజనుల విషయంలో నిజాం సర్కారుకు సలహాదారు కూడా. మా తాతకు అప్పుడే పట్టా వచ్చిందని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఆ కాగితం ఉర్దూలో ఉండేది. రేకు పెట్టెలో, పసుపు గుడ్డలో చుట్టి, పండక్కి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకునేవాళ్ళం. చదవడం ఒక్కరికీ రాదు. మా నాన్న కాలంలో ఒక షావుకారు వచ్చి రెండేళ్ళు కౌలుకు తీసుకుంటానని ఇంకో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. అదీ ఎవరూ చదవలేదు. సగం చేను ఇప్పటికీ రాలేదు. 1 ఆఫ్ 70 చట్టం ఉంది, నాకు తెలుసు. చట్టం ఉందని మా నాన్నకు తెలియదు కదా. ఆయనకు పట్టా ముందు వచ్చింది, బడి తర్వాత వచ్చింది. మార్లవాయి ఆలోచనలో ఆ రెండూ కలిసే రావాలి.

1949లో హైమన్‌డార్ఫ్ లండన్ వెళ్ళిపోయారు. స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో చేరి, 1951లో అక్కడ ప్రొఫెసర్ అయి, 1976లో రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పారు. నేపాల్ షెర్పాల మీద రాశారు. అరుణాచల్‌లో అపతానీల మీద రాశారు. అవన్నీ గొప్పవే, మీరు గూగుల్‌లో చదువుకోండి. నాకు ముఖ్యమైంది రిటైరయ్యాక ఆయన చేసిన పని. ముప్ఫై ఏళ్ళ తర్వాత, భార్యాభర్తలు ఇద్దరూ మళ్ళీ ఆదిలాబాద్ వచ్చారు. తాము పట్టాలిప్పించిన భూములు ఎవరి చేతుల్లో ఉన్నాయో ఊరూరూ తిరిగి చూశారు. పోయిన భూమిని పోయిందని రాశారు. ఆ పుస్తకం 1982లో వచ్చింది, పేరు 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ది స్ట్రగుల్ ఫర్ సర్వైవల్'. తాను పెట్టిన పని ఎంతవరకు నిలిచిందో, ఎక్కడ కూలిందో మళ్ళీ వచ్చి చూసి రాసే పండితులు ఎంతమంది? మన దగ్గరికి సర్వేలకు వచ్చే టీములు మళ్ళీ కనిపిస్తాయా? మా హాస్టల్‌కే ఒకసారి ప్రాజెక్టు పేరుతో కొందరు వచ్చి, రెండు రోజులు పిల్లల చేత పాటలు పాడించుకుని రికార్డు చేసుకుని వెళ్ళారు. పుస్తకం వేస్తే పంపిస్తామన్నారు. నేను ఫోన్ చేసి చేసి ఊరుకున్నాను.

ఆ 1982 పుస్తకంలో లంబాడాల గురించి రాసిన భాగాలు ఉన్నాయి. తెలంగాణలో లంబాడాలను 1976లో ఎస్టీ జాబితాలో చేర్చాక గోండుల భూముల మీద ఏ ఒత్తిడి వచ్చిందో ఆయన గోండుల వైపు నిలబడి రాశారు. ఈ సభలో ఆ మాట ఎత్తొద్దని ఒకరిద్దరు నాకు ముందే చెప్పారు. ఎత్తుతున్నాను, క్షమించాలి. నా హాస్టల్లో ఒకే గదిలో గోండు పిల్ల, కోయ పిల్ల, లంబాడా పిల్ల పడుకుంటారు. వాళ్ళు ఒకరి జడ ఒకరు వేసుకుంటారు, ఊళ్ళో గొడవైన రోజు మాత్రం మాట్లాడుకోరు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఆ పుస్తకం చదవండి. దాంతోపాటు భంగ్యా భూక్యా గారి 'సబ్జుగేటెడ్ నొమాడ్స్' కూడా చదవండి. 2010లో వచ్చింది, నిజాం పాలనలో లంబాడాల బతుకు ఎలా చితికిపోయిందో చెబుతుంది. ఆయన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చరిత్ర ప్రొఫెసర్. ఆయనే 2017లో గోండుల చరిత్ర మీద 'ది రూట్స్ ఆఫ్ ది పెరిఫెరీ' రాశారు. లంబాడా ఇంట పుట్టినవాడు గోండుల చరిత్ర రాశాడు. రెండు వైపులా చదివాక కూడా కొట్లాడుకోవాలనిపిస్తే, అప్పుడు నా దగ్గరికి రండి.

హైమన్‌డార్ఫ్‌లో నాకు లోటుగా కనిపించేదీ చెబుతాను. అంతా ఆయన ఉన్నంత కాలమే బాగా నడిచింది. సర్కారు మారాక, ఆయన వెళ్ళాక, మార్లవాయి పద్ధతిని ఎవరూ సాగనివ్వలేదు. పల్లెబడికి టీచర్ కాగలిగిన మన కుర్రాడు అప్పట్లో దొరికాడు గాని, ఆ పథకాన్ని నడిపే స్థానంలో మనవాడు ఒక్కడూ లేడు. తార్నాకలో ఆ ప్రొఫెసర్ కుర్చీకి ఎదురుగా కూర్చుని పాఠం వినే గోండు విద్యార్థిని మీరు ఊహించగలరా? ఇప్పుడు మీరు ఉన్నారు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్టు చేసుకుంటూ, దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారని నాకు తెలుసు. ఈమధ్య మీరంతా స్టార్టప్ అంటున్నారు, సోషల్ ఎంట్రప్రెన్యూర్ అంటున్నారు. మంచిదే. విప్పపువ్వు లడ్డూలు అమ్మే ఆలోచన ఒక తమ్ముడు నాకు వాట్సాప్‌లో పంపాడు. దానికి నేను వేసిన ప్రశ్నలు రెండే: పువ్వు ఏరే అమ్మకు కిలోకు ఎంత ఇస్తావు, నువ్వు లేకపోతే ఆ లెక్క ఎవరు రాస్తారు? వారమైంది, జవాబు రాలేదు. ఇక్కడే కూర్చుని నవ్వుతున్నాడు చూడండి.

లిపి సంగతి ఒకటి మరిచాను. మార్లవాయి పుస్తకాలు నాగరిలో అచ్చయ్యాయన్నాను కదా. గోండికి సొంత లిపిలో రాసిన పాత ప్రతులు అదే ప్రాంతంలో, నార్నూరు మండలం గుంజాలలో ఉన్నాయి. అవి లోకానికి తెలిసింది ఈ పాతికేళ్ళలోనే. జయధీర్ తిరుమలరావు గారు, మరికొందరు పట్టుబట్టి పనిచేస్తే, 2018లో గుంజాల గోండి యూనికోడ్‌లో చేరింది. అంటే ఇప్పుడు మీ ఫోన్‌లో ఆ లిపితో రాసుకోవచ్చు. కంప్యూటర్ కోర్సులు చేస్తున్న వాళ్ళు కొంచెం ఇటు చూడండి, మంచి కీబోర్డులు, ఫాంట్లు, పిల్లల యాప్‌లు ఇంకా కావాలి.

మొన్న మా హాస్టల్లో జరిగింది చెప్పి ముగిస్తాను. జైనూరు వైపు నుంచి వచ్చిన ఫస్టియర్ అమ్మాయి ఒకతె, చేరిన రెండో వారమే ఇంటికి పోతానని ఏడుపు. క్లాసులో ఏమీ అర్థం కావడం లేదంది. ఎంత చెప్పినా వినలేదు. సరే అని ఆఫీసు కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టి, హైమన్‌డార్ఫ్ తీసిన పాత ఫొటోలు చూపించాను. లండన్‌లో ఆయన పనిచేసిన చోటే భద్రంగా ఉన్నాయి, ఇంటర్నెట్‌లో చూడొచ్చు. పిల్ల ఏడుపు ఆపి ఒక్కొక్కటీ చూస్తూ, "మేడం, ఇది మా ఊరి దారి లాగుంది" అంది. వాళ్ళ అవ్వకు వీడియో కాల్ చేసి, ఫోన్ ఆ తెర ముందు పెట్టింది. ఒక ఫొటోలో ఒకామె నీళ్ళ కుండతో నిలబడి ఉంది. కింద పేరు లేదు. అవ్వ చాలాసేపు చూసి, గోండిలో ఒక పేరు చెప్పింది. తన మేనత్త అంది. నిజంగా ఆమేనో కాదో నేను చెప్పలేను, అవ్వ కళ్ళు సరిగా కనబడవు. కాని ఆ పిల్ల ఆ పేరు రాసుకుంది, ఫొటో నంబరు రాసుకుంది, 'వీళ్ళకు ఈమెయిల్ ఎలా పెట్టాలి మేడం' అని అడిగింది. రెండు రోజులు ఇద్దరం కూర్చుని ఇంగ్లీషులో ఒక ఈమెయిల్ తయారుచేశాం. ఇంకా పంపలేదు, అవ్వతో ఇంకొకసారి మాట్లాడాలంటోంది. ఇంటికి పోయే మాట మాత్రం ప్రస్తుతానికి ఎత్తడం లేదు.

బెట్టీ గారు 1987 జనవరి 11న హైదరాబాద్‌లో చనిపోయారు. ఆమెను మార్లవాయిలో సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో పోయారు. ఆయన అస్థికలను 2012లో తెచ్చి ఆమె పక్కనే పెట్టారు. ఏటా జనవరి 11న ఊరివాళ్ళు అక్కడ కూడతారు. ఈసారి ఇక్కడినుంచి కూడా వెళ్దామని సంఘం వాళ్ళు అనుకుంటున్నారు. వచ్చేవాళ్ళు ఇవాళ బయటికి వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర పేర్లు రాయించండి, ఇంటిపేరు స్పష్టంగా చెప్పండి, ఆత్రంను 'ఆత్రేయ' అని రాసిన జాబితాలు నా దగ్గర చాలా ఉన్నాయి. రాత్రి ప్రయాణం, అక్కడ చలి బాగా ఉంటుంది. రగ్గులు మీవి మీరే తెచ్చుకోవాలి, హాస్టల్ రగ్గులు నేను ఇవ్వను.